తప్పు చెప్పే వంతు

"తప్పు జవాబు ఎవరు చెబుతారు?" అని సైన్సు టీచర్ అడిగేసరికి ఏడో తరగతి మొత్తం ఒక్కసారిగా తలలు దించుకుంది.

ఒప్పు చెప్పమంటే ముందు బెంచీల్లో చేతులు పోటీలు పడి లేస్తాయి. తప్పు చెప్పమని మాత్రం ఇంతవరకూ ఏ టీచరూ అడిగిన పాపాన పోలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇదేదో కొత్త రకం శిక్ష కాబోలనుకున్నారు.

"శిక్ష కాదర్రా, భయపడకండి. శుక్రవారం మన క్లాసుని వీడియో తీస్తారని చెప్పానుగా? ఆ రోజు నేనో ప్రశ్న అడుగుతాను. మీలో ఒకరు తప్పు చెప్పాలి. దాన్ని పట్టుకుని నేను పాఠం చెబుతాను. అంతే."

"తెలిసి తెలిసి తప్పు చెప్పాలా టీచర్?" క్లాసు లీడరు లేచి నిలబడ్డాడు. మార్కులు పోతాయేమోనన్న బెంగ వాడి గొంతులోనే తెలిసిపోతోంది.

"తెలిసే చెప్పాలి. నువ్వే చెప్పు. నీ గొంతు వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలతాయి, అను. మరీ అప్పజెప్పినట్టు కాకుండా, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి అను."

లీడరు ఆలోచించినట్టు మొహం పెట్టాడు. పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సైన్సు టీచర్ కూడా నవ్వేసింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆమె అవసరం అలాంటిది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠాలు చెప్పేవాళ్ళ అర్హత సర్టిఫికెట్ కొన్నేళ్ళకోసారి కొత్తది చేయించుకోవాలి. ఇప్పుడు దానికి పైచదువు కూడా తోడైంది. శనివారాలు కాలేజీకి వెళ్ళి కూర్చోవాలి, తనకంటే చిన్నవాళ్ళ పక్కన నోట్సు రాసుకోవాలి, చివర్లో తన బడిలో తన పిల్లలకే ఒక పాఠం చెప్పి చూపించాలి. నిరుడు ఆ పాఠం దగ్గరే ఆమె ఫెయిలైంది. 'విద్యార్థుల పొరపాట్లను బోధనకు వాడుకోలేదు' అని ఒక్క ముక్క రాసి పంపించారు. నిజానికి ఆ రోజు పిల్లలు పొరపాట్లే చేయలేదు, భయంతో బిక్కచచ్చి నోరే విప్పలేదు. లేని పొరపాటును ఎక్కడినుంచి తెస్తుంది? ఈసారి కూడా ఫెయిలైతే సైన్సు చేజారుతుంది, అక్షరాలు దిద్దించే చిన్న తరగతికి పంపేస్తారు. అది తక్కువ పనేం కాదని ఆమెకు తెలుసు. కానీ అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ముళ్ళలా లేచి నిలబడినప్పుడు పిల్లల నోళ్ళు తెరుచుకుంటాయే, ఆ క్షణం కోసమే ఆమె ఇన్నేళ్ళూ ఈ ఉద్యోగం చేసింది. అది లేకపోతే బడికి ఎందుకు రావాలో ఆమెకు తోచదు.

"సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. నీళ్ళలో ఏవి మునుగుతాయి? ఏవి తేలతాయి?"

లీడరు లేవబోయేంతలో మధ్య వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. అది నత్త చెయ్యి. రాయడం నెమ్మది, నడక నెమ్మది, మాట మరీ నెమ్మది కావడంతో ఆ పిల్లకు క్లాసు ఆ పేరు పెట్టింది. అలా పిలవొద్దని సైన్సు టీచర్ ఎన్నిసార్లు కసిరినా పేరు ఊడలేదు.

"ఏంటమ్మా?"

నత్త లేచింది. గౌను సర్దుకుంది. బల్ల మీద ఉన్న నీలం టబ్బు వైపు చూసింది. "వేసి చూడాలి టీచర్. చూడకుండా ఎలా తెలుస్తుంది?"

మళ్ళీ నవ్వులు. వేరే రోజైతే సైన్సు టీచర్ ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచి ఉండేది. ఇప్పుడు మాత్రం గడియారం వైపు చూసింది.

"అది జవాబు కాదు తల్లీ, కూర్చో," అని లీడరు వైపు తిరిగింది.

స్టాఫ్ రూములో లెక్కల టీచర్ టిఫిన్ డబ్బా మూత తీస్తూ జరిగిందంతా వింది. ఆమె కిందటేడాదే ఈ గండం దాటింది. అందుకని ఇప్పుడు అందరికీ సలహాలివ్వడంలో చెయ్యి తిరిగింది.

"తప్పు చెప్పడానికి తెలివైనవాణ్ణే పెట్టుకున్నావు కదా? మంచి పని చేశావు. నిజంగా రానివాళ్ళ తప్పుల్ని నమ్ముకోకూడదే, అవి ఎటు పోతాయో తెలీదు."

"అదే అనుకున్నానక్కా. కానీ మనసుకి ఏదోలా ఉంది."

"ఏదోలా ఉండటానికి ఇంకా చాలా జీవితం ఉంది. ముందు సర్టిఫికెట్ తెచ్చుకో. ఇంకో మాట. కెమెరా ఎక్కడిదాకా చూస్తుందో నేలమీద సుద్దతో గీత గీసుకో. గీతకి ఇవతల చురుకైనవాళ్ళు, అవతల మిగతావాళ్ళు."

"అందరూ అలాగే చేస్తారా?"

"చెయ్యనివాళ్ళు నిరుడు నీలాగే తిరిగొచ్చారు," అంది లెక్కల టీచర్, నొప్పించాలని కాదు, ఉన్న మాట చెప్పాలని. తర్వాత తన డబ్బా ఆమె వైపు జరిపింది. "తిను. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

సాయంత్రం పిల్లలు వెళ్ళాక సైన్సు టీచర్ సుద్దముక్కతో నేలమీద గీత గీసింది. కిటికీ పక్క బెంచీ గీతకు అవతల పడింది. అది బల్లకు బాగా దగ్గర, కానీ ఓ పక్కకు ఉంటుంది. మర్నాడు నత్తనూ, ఇంకొందరినీ అక్కడికి మార్చింది. వాళ్ళకు అప్పగించిన పని ఒక్కటే, కదలకుండా కూర్చోవడం.

"నువ్వు శుక్రవారం చెయ్యెత్తకు తల్లీ, నేను పిలవను. ఏమీ అనుకోకు, ఆ ఒక్కరోజే," అని నత్త తల నిమిరింది. నత్త తల ఊపింది. అంత మెత్తని మాటకు ఏ పిల్ల అయినా తల ఊపుతుంది.

అప్పటినుంచీ రోజూ రిహార్సలే. లీడరు తప్పు చెప్పడం, టీచర్ పెద్ద చెక్కముక్కనూ చిన్న మేకునూ టబ్బులో వేసి చూపించడం, లీడరు ఆశ్చర్యపోవడం. తర్వాత బంకమన్ను ఉండ మునగడం, అదే మన్నుతో చేసిన గిన్నె తేలడం. "గిన్నె ఏమైంది పిల్లలూ?" అంటే "తేలింది టీచర్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అనాలి, ఆపైన చప్పట్లు కొట్టాలి. టబ్బు గోడలు ఎత్తుగా ఉండటంతో ఎదుటి బెంచీల్లో కూర్చున్నవాళ్ళకు లోపలేముందో కనిపించదు. కనిపించకపోయినా ఏమనాలో అందరికీ తెలుసు.

ఇంట్లో కూడా ఆమెకు అదే ధ్యాస. గురువారం సాయంత్రం వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి మన్ను పిసికింది. వేళ్ళు తడుపుకుంటూ అంచు పలచగా లాగింది, బొటనవేలితో లోపల నున్నగా చేసింది. క్లాసులో అప్పటికప్పుడు చేస్తే వంకరగా వస్తుందేమో, వీడియోలో బాగుండదేమో అని ముందే చేసి పెట్టుకుంటోంది.

బస్సు డ్రైవరుగా పనిచేసే మొగుడు యూనిఫాం గుండీలు విప్పుకుంటూ వంటింట్లోకి తొంగి చూశాడు.

"నా లైసెన్సుకైతే గోడమీద అక్షరాలు చదవమంటారు, చదివేస్తే పంపించేస్తారు. నీకేంటి ఈ బొమ్మలాట?"

"మీకు ఎదురుగా రోడ్డుంటుంది. నాకు ఎదురుగా పిల్లలుంటారు."

"నా వెనకాల బస్సు నిండా జనం ఉంటారు తల్లీ, అది మర్చిపోకు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కానీయ్, నన్ను అడుగు ప్రశ్న."

"ఏవి మునుగుతాయి, ఏవి తేలతాయి?"

"నేను మునుగుతాను. మా డిపో మేనేజరు మాత్రం ఎంత తప్పు చేసినా తేలతాడు."

ఆమె పకపకా నవ్వింది. ఆ వారంలో ఆమె మనసారా నవ్వింది అప్పుడే. తర్వాత గిన్నెను జాగ్రత్తగా అలమారలో పెట్టి తలుపు మూసింది.

శుక్రవారం కాలేజీ ప్రొఫెసరూ, ఆయనతో ఇంకో పరీక్షకురాలూ వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. వీడియో తీసే కుర్రాడు మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, ఎర్ర దీపం వెలిగాక వేలెత్తి సైగ చేశాడు. సైన్సు టీచర్ ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు ఒకసారి సర్దుకుని నోరు విప్పింది. 

లీడరు అద్భుతంగా తప్పు చెప్పాడు. పంటినొప్పి మొహం మానేసి, నిజంగానే ఆలోచిస్తున్నట్టు పైకప్పు వైపు చూసి మరీ చెప్పాడు. పరీక్షకురాలు తలెత్తి, ఏదో రాసుకుంది. "అవునా? చూద్దామా మరి?" అంది సైన్సు టీచర్, ఆ మాట మొదటిసారి అంటున్నట్టే. పెద్ద చెక్క తేలింది, చిన్న మేకు మునిగింది, లీడరు ఆశ్చర్యపోయాడు. అన్నీ అనుకున్నట్టే సాగిపోతున్నాయి. ఆమెకు ఒళ్ళు తేలికైంది. మన్ను ఉండ బుడుంగున మునిగింది. ఇంట్లో చేసి తెచ్చిన గిన్నెను రెండు చేతులతో నీళ్ళమీద పెట్టి, తను బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తూ వివరించింది. బరువూ, అది ఆక్రమించే చోటూ, రెండూ కలిపి చూడాలని చెప్పింది. మళ్ళీ పిల్లల వైపు తిరిగి, కెమెరా ఉన్న దిక్కుకు చిరునవ్వుతో చూసి అడిగింది.

"గిన్నె ఏమైంది పిల్లలూ?"

"తేలింది టీచర్!"

చప్పట్లు మోగాయి. వెనక కుర్చీల్లో వాళ్ళు కూడా మొహమాటానికి రెండు కొట్టారు.

అందరూ వెళ్ళాక టబ్బులో నీళ్ళు పారబోయడానికి వంగిన సైన్సు టీచర్ చెయ్యి ఆగిపోయింది. గిన్నె అడుగున ఉంది. బయటికి తీసి చూస్తే, రాత్రంతా ఎండిన అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత చీలిక కనిపించింది. 'అయ్యో, పాఠం అయ్యాక మునిగింది కాబోలు, బతికిపోయాను' అనుకుంది. మన్నును మళ్ళీ ఉండ చేసి తడిగుడ్డలో చుట్టి ఇంటికెళ్ళింది. ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

శనివారం కాలేజీ హాల్లో పైచదువు చదివే టీచర్లంతా ఉన్నారు. ఆ విడతలో చెప్పిన పాఠాలన్నిటిలోకీ ఇదే బాగుందని ప్రొఫెసరు ఆమె వీడియో అందరికీ చూపించారు. అందరూ చూశాక, అందరి ముందే సర్టిఫికెట్‌కు సిఫారసు కాగితం మీద సంతకం చేస్తానన్నారు. పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టుకున్నారు కూడా. ఆమెకు మొదటి వరసలో కుర్చీ వేశారు.

తెరమీద తను నడుస్తుంటే తనకే కొత్తగా అనిపించింది. లీడరు తప్పు చెప్పినప్పుడు హాల్లో కొందరు మెచ్చుకోలుగా తలలు ఊపారు. "పొరపాటుని ఎంత బాగా ఒడిసి పట్టుకున్నారో గమనించండి," అన్నారు ప్రొఫెసరు. ఆమె సిగ్గుపడుతూ నవ్వింది.

అప్పుడు కనిపించింది. తెర అంచున, కిటికీ వైపు, ఒక చెయ్యి లేచింది. మనిషి కనిపించదు, మొహం కనిపించదు. మణికట్టు దాకా ఉన్న చెయ్యి, చూపుడువేలికి సిరా మరక. తెరమీది సైన్సు టీచర్ బోర్డు మీద బొమ్మ గీస్తోంది. చెయ్యి కాస్త దిగింది. వద్దన్న సంగతి గుర్తొచ్చి దించిందేమో. మళ్ళీ లేచింది, ఈసారి ఇంకా ఎత్తుగా. వేళ్ళు ఒకసారి టబ్బు వైపు వంగి చూపించాయి. తెరమీది సైన్సు టీచర్ ఇటు తిరిగి, ఆ చేతిని దాటుకుని కెమెరా వైపు చూసి, గిన్నె ఏమైందని అడిగింది. తేలింది టీచర్, అంది క్లాసు. చప్పట్ల మధ్య ఆ చెయ్యి మెల్లగా దిగిపోయింది.

 గిన్నె పాఠం అయ్యాక మునగలేదు. పాఠం నడుస్తుండగానే, అందరూ తేలిందని అరుస్తుండగానే మునిగింది. టబ్బులోకి కనిపించే బెంచీ అదొక్కటే. అక్కడున్న మిగతా పిల్లలు కెమెరా వైపు చూస్తూ ఉండి ఉంటారు. చూసింది ఒక్క నత్త. చెయ్యెత్తొద్దని తలనిమిరి చెప్పినా ఉండబట్టలేక చెయ్యెత్తింది. అన్నేళ్ళుగా ఏ చెయ్యి కోసం ఆమె బడికి వెళుతోందో, ఆ చెయ్యే అది.

దీపాలు వెలిగాయి. చప్పట్లు తగ్గాక, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మూడో వరసలోంచి లేచింది. "మేడమ్, చాలా బాగుంది. చిన్న సందేహం. ఆ పక్కన ఎవరో చాలాసేపు చెయ్యెత్తారు కదా? ఏం అడుగుదామని?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. ప్రొఫెసరు చేతిలో పెన్ను ఉంది. చెప్పడానికి నిజం నాలిక చివర సిద్ధంగానే ఉంది. అది చెబితే ఇంకా చాలా చెప్పాలి, గీత సంగతి, వంతుల సంగతి, లీడరు సంగతి. చిన్న తరగతి గది, గోడమీది అక్షరాల పటాలు ఆమె కళ్ళముందు మెదిలాయి.

"మంచినీళ్ళకి వెళ్తానని అడిగింది," అంది. "పాఠం అవగానే పంపించాను."

అందరూ ఆప్యాయంగా నవ్వారు. ఏ బడిలోనైనా పిల్లలు పిల్లలే అన్నారు ఎవరో. అడిగినమ్మాయి కూడా నవ్వి కూర్చుంది. ప్రొఫెసరు సంతకం చేసి, కాగితాన్ని గాలికి రెండుసార్లు ఊపి, ఆమె చేతికిచ్చారు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన కాగితం అది. అందుకున్నప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకుని పక్కనున్నావిడ వీపు తట్టింది. సైన్సు టీచర్ తనను తాను ఛీ అనుకుంది. దాహం అని అనగలిగింది తను, ఆ పిల్లకున్నది దాహమే అయినట్టు.

ఇంట్లో మొగుడు కాగితం చూసి ఎగిరి గంతేశాడు. లెక్కల టీచర్ ఫోన్ చేసి, చెప్పానా లేదా అంది. ఆమె అందరికీ నవ్వుతూ జవాబిచ్చింది. ఆదివారమంతా ఏ పని పట్టుకున్నా అందులో మనసు నిలవలేదు. సోమవారం వెళ్ళగానే నత్తను అడగాలి, అందరి ముందూ అడగాలి, ఆ గిన్నె మునిగిందని క్లాసంతా ఆ పిల్ల నోటివెంటే వినాలి. ఆ ఒక్కటీ చేస్తే కొంతలో కొంతైనా దిద్దుకున్నట్టవుతుందనుకుంది. పైవాళ్ళకు చెప్పే ధైర్యం లేకపోయినా, పిల్లల దగ్గరైనా నిజం ఉండాలనుకుంది.

సోమవారం క్లాసులో అడుగుపెట్టగానే ముందు నేలమీది సుద్దగీతను చెప్పుతో చెరిపేసింది. హాజరు కూడా వేయకుండా కిటికీ పక్క బెంచీ దగ్గరికి నడిచింది.

"శుక్రవారం నువ్వు చెయ్యెత్తావు కదమ్మా. నేను చూసుకోలేదు, తప్పు నాదే. ఏం చెబుదామనుకున్నావు?"

నత్త లేచింది. గౌను సర్దుకుంది. తలుపు వైపు చూసింది, వెనక గోడ దగ్గర ఖాళీ కుర్చీల వైపు చూసింది. 

"ఇప్పుడు తప్పు చెప్పాలా టీచర్, ఒప్పు చెప్పాలా?"

అది వెటకారం కాదు. ఆ పిల్లకు వెటకారం చేతకాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"టీచర్, తప్పు నా వంతు కదా?" లీడరు కంగారుగా లేచాడు. "తను ఒప్పు చెప్పాలా మరి?"

"నువ్వు కూర్చోరా. వంతులేం లేవు. ఇంక వంతులుండవు." ఆమె గొంతు కీచుగా వచ్చింది. సైన్సు టీచర్ నత్త ఎదుట కాస్త వంగింది. "నువ్వేం చూశావో అది చెప్పు తల్లీ. అంతే. ఎవరూ ఏమీ అనరు."

నత్త పెదాలు కదిపింది. మాట రాలేదు. ఆ పిల్ల నెమ్మది తెలిసిందే కదా అని సైన్సు టీచర్ ఓపిగ్గా ఆగింది. ఇదివరకటి నెమ్మది వేరు, అప్పుడు కళ్ళు టబ్బు వైపో, చెట్టు వైపో, చెప్పబోయేదాని వైపు ఉండేవి. ఇప్పుడు అవి టీచర్ మొహాన్నే వెతుకుతున్నాయి.

ఆమె ఇక ఆగలేకపోయింది. "గిన్నె మునిగింది కదూ? నువ్వు చూశావు కదూ?"

నత్త ఇంకాస్త ఆలోచించింది. టీచర్‌కు ఏది కావాలో ఎట్టకేలకు దొరికిందనుకుంది కాబోలు, మొహం తేటపడింది.

"లేదు టీచర్," అంది స్పష్టంగా, వెనక బెంచీ దాకా వినిపించేలా. "తేలింది."

ఎవరూ చెప్పకుండానే క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు చప్పట్లు పడటం అదే మొదటిసారి. సైన్సు టీచర్ ఏదో అనబోయింది గానీ, ఆ చప్పట్లలో ఆమె మాట ఆమెకే వినిపించలేదు. నత్త అటూ ఇటూ చూసి, సిగ్గుగా నవ్వి, ఒప్పు చెప్పిన సంతోషంతో కూర్చుంది.